పిల్లి మడి

మా తోటికోడలు పోయిన కబురు నాకు తెచ్చింది పిల్లి. పోయిన నెల ఒకనాడు తెల్లవారుతుండగా అది నా గది గుమ్మం దాటి లోపలికొచ్చి, మంచం పక్కన నిలబడి అరిచింది. ఆ గుమ్మం అది దాటి ఏళ్లయింది. నేను తుమ్ముతూ లేచి, దాన్ని పెంచే మనిషితో దెబ్బలాడదామని మధ్య వసారా దాటి అవతలి వాటాలోకి వెళ్లాను. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. దెబ్బలాట నోట్లోనే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

చోడవరంలో మాది రెండు వాటాల ఇల్లు. అన్నదమ్ములను చేసుకుని వచ్చినవాళ్లం. వాళ్లిద్దరూ దాటిపోయాక మేమిద్దరం మిగిలాం. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఆవిడ ఇల్లు నడిపింది, పిల్లులను పెంచింది. చివరికి మిగిలిన ఈ బూడిదరంగు పిల్లికి కలెక్టరు అని పేరు పెట్టింది. పొద్దున్నే వచ్చి గదులన్నీ తనిఖీ చేసి, పెట్టింది తిని, ఏ హామీ ఇవ్వకుండా వెళ్లిపోతుంది కనక ఆ పేరు సరిపోయింది.

నేను రిటైరైన ఏడాది చలికాలంలో నా ముక్కు కథ మొదలైంది. తుమ్ములు, కళ్ల దురద, ఛాతీలో ఈల. చెరుకు క్రషింగు సీజను కదా, ఫ్యాక్టరీ మసి అని తేల్చేశాను. ఆరేసిన బట్టల మీద నల్లగా కనిపిస్తుంటే సైన్సు టీచరుకు ఇంకేం రుజువు కావాలి? కిటికీలన్నీ బిగించి, సందుల్లో పాత గుడ్డలు కుక్కాను. చలికి కలెక్టరు కూడా లోపలే ఉండిపోయి నా దిండు మీద పడుకునేది. అంటే మసిని బయట నిలబెట్టి, పిల్లితో కలిసి తలుపేసుకున్నానన్నమాట. అనకాపల్లి డాక్టరు నా సిద్ధాంతమంతా ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు, ఇంట్లో పిల్లి ఉందా అని.

పిల్లిని పంపించెయ్యడం మంచిదన్నాడు. కుదరకపోతే అది పడకగదిలోకి రాకూడదు, దాన్ని తాకిన బట్టతో నా గదిలోకి ఎవరూ రాకూడదు, తాకినవాళ్లు చేతులు కడుక్కోవాలి, గది రోజూ తడిగుడ్డతో తుడవాలి. బస్సులో వస్తున్నంతసేపూ మాటలు కూడదీసుకున్నాను. పిల్లో నేనో తేల్చమనాలి. తేలిస్తే ఎటు తేలుతుందోనని భయం కూడా ఉంది.

ఆవిడ బియ్యం ఏరుతూ అంతా విని, "ఇది మడే కదే. దీనికి అనకాపల్లి దాకా వెళ్లేవేటి?" అంది.

ఆ మాట ఆవిడ నోట రావడం ఎంత పెద్ద సంగతో చెప్పాలి. మా అత్తగారిది గట్టి మడి. పెద్దకోడలు గనక అక్క ఏ చలిలోనైనా తెల్లారే తలారా పోసుకుని, తడిబట్ట కట్టుకుని పొయ్యి ముందు కూర్చునేది. కన్నపిల్ల ఏడుస్తున్నా వంట అయ్యేదాకా ఎత్తుకోవడానికి లేదు. అత్తగారి సంవత్సరీకాలు అవగానే అక్క చేసిన మొదటి పని, మడిబట్టలు ఆరేసే దండేన్ని విరిచి పొయ్యిలో పెట్టడం. ఇక ఈ ఇంట్లో ఎవరినీ ముట్టుకోవద్దని అనక్కర్లేదంది. పిల్లులను పెంచడం ఆ తర్వాతే మొదలుపెట్టింది.

అలాంటి మనిషి మర్నాడు వెనక వసారాలో కొత్త దండెం కట్టించింది. దాని మీద వెలిసిపోయిన నీలం నేతచీర ఒకటి వేసింది. అది పిల్లి చీర. కలెక్టరుకు పాలు పోయాలన్నా, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలన్నా ఆ చీరే. తర్వాత దాన్ని విడిచి, మోచేతుల దాకా కడుక్కుని, వేరే చీర కట్టుకుని గాని నా వాటావైపు వచ్చేది కాదు. ఈలోగా నేను ఏదైనా పనిమీద అటు వెళ్తే, "ఉండవే, మైలగా ఉన్నాను" అని అక్కడినుంచే కేకేసేది. ఈ వయసులో మైలేమిటా అని బుచ్చయ్యపేట చుట్టాలు బిత్తరపోయేవారు. పిల్లిని కూడా గుమ్మం దగ్గర చప్పట్లు కొట్టి, నీళ్లు చిలకరించి, దారిలో పెట్టింది.

అదంతా ఎందుకు, ఈ వయసులో నీకు శ్రమ కదా అని ఒకసారి అన్నాను.

"అత్తగారి దేవుడి కోసం వణుకుతూ చేసేను. నీ ముక్కు కోసం ఈ మాత్రం చెయ్యలేనేటి?" అంది.

థాంక్స్ చెప్పుకునే అలవాటు మా ఇద్దరికీ లేదు. కుచ్చిళ్లు సరిగ్గా లేవు, సర్దుకోమన్నాను. నా జబ్బు పూర్తిగా పోయిందని చెప్పను. మాత్ర మానలేదు. ఛాతీలో ఈల మాత్రం ఆగింది.

ఆవిడకు పిల్లుల మీద భ్రమలేమీ లేవు. "దానికి మనం అక్కర్లేదే, మన ఒళ్లో వేడి చాలు. మనుషులకే అది చాలదు" అనేది. అంటూనే దాని చెవి వెనక గోకేది.

పన్నెండో రోజు దాటాక బంధువుల ఆడవాళ్లు ఇంట్లో బట్టలన్నీ తడపడం మొదలుపెట్టారు. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేసే అక్క కూతురు నా దగ్గరకొచ్చి కూర్చుంది. చెరుకు తోట చూసే మనిషికి చెప్పిందట, కలెక్టరును గోనెసంచిలో వేసి చీడికాడ వైపు కొండల దగ్గర వదిలేస్తాడట.

"ముసలి పిల్లి. అక్కడేం తింటుందే?"

"నీకు ఊపిరి ఆడొద్దా పిన్నీ?"

"ఇన్నాళ్లూ ఆడింది కదా."

"అమ్మ ఉంది కాబట్టి ఆడింది."

లేచి వెనక వసారాలోకి వెళ్లేసరికి ఎవరో నీలం చీరను కూడా బకెట్లో వెయ్యబోతున్నారు. లాక్కుని మళ్లీ దండెం మీద వేశాను. ఆ కాసేపటికే కళ్లు ఎర్రబడి నీళ్లు కారాయి. అందరూ చుట్టూ చేరి ఓదార్చారు. అది ఎలర్జీ. ఏడవడం అంతకుముందే, ఎవరూ చూడకుండా అయింది. సంచి పట్టుకుని వచ్చిన మనిషి చేతిలో మాడుగుల హల్వా పెట్టి పంపించేశాను.

అందరూ వెళ్లిపోయారు. నాకు ఒకచోట కూర్చోవడం కుదరడం లేదు. పుస్తకం తెరిస్తే అదే పేజీ. కాఫీ కలుపుకుని ఎక్కడ పెట్టానో వెతుక్కుంటాను. మధ్య వసారాలో అటూ ఇటూ తిరుగుతాను, అవతలి చివర కలెక్టరు కూడా తిరుగుతుంది. గిన్నె మోగితే ఇద్దరం ఒకేసారి అక్క తలుపువైపు చూస్తాం.

పొద్దున్నే మూతికి గుడ్డ కట్టుకుని, నీలం చీర చుట్టుకుని పాలు పోస్తున్నాను. ఆ చీరలో ఇంకా ఆవిడ వాసన ఉందో లేదో నా ముక్కు చెప్పలేదు; అది ఆ పని మానేసి చాలాకాలమైంది. పిల్లి చెబుతుంది. మొదట్లో ఒళ్లోకెక్కి కొంగు వాసన చూసి, నా ముఖం చూసి, దిగి వెళ్లిపోయేది. ఇవాళ దిగలేదు. తుమ్ములు ఆపుకుంటూ ఆపగలిగినంతసేపు కూర్చున్నాను. తర్వాత చీర విడిచి దండెం మీద వేసి, మోచేతుల దాకా కడుక్కుని, మరో చీర మరిచిపోయి లంగా జాకెట్టుతోనే నా గుమ్మం దాకా వచ్చాను. గది ఖాళీగా ఉంది. అయినా బయటే ఆగి, "ఉండవే, మైలగా ఉన్నాను" అన్నాను.