మా ఇంట్లో ఎవరూ పలకని పేరు

మా పెద్దవాడికి వాళ్ళ తాత పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. మామగారి పేరు కోడలు పలకకూడదని చెబితే వింటూ పెరిగినదాన్ని. నోటితో అనని పేరు రాయడానికి చెయ్యి కూడా రాదు.

అరవై దశకం మొదట్లో మాట. కృష్ణపట్నానికి దిగువన, ఉప్పుటేరు పక్కన మా అత్తగారి పల్లె. మా ఆయన తెప్ప మీద చేపల వేటకు పోయేవాడు. నేను కాపురానికి వచ్చేటప్పటికే మామగారు జ్వరంతో పోయారు. ఆయన్ను నేను చూడలేదు. ఇంట్లో ఫోటో కూడా లేదు.

నా మొదటి కాన్పు నెల్లూరు ఆసుపత్రిలో జరిగింది. పక్క మంచం మీది ఆమె తన కొడుక్కి రెండక్షరాల కొత్త పేరు పెట్టుకుంది. ఆమె పిలుస్తుంటే వినడానికి ఎంతో ముద్దుగా ఉండేది. నాకూ అదే పేరు పెట్టుకోవాలనిపించింది. ఉయ్యాల వేసే రోజున, ఏదన్నా కొత్త పేరు పెడదామా అని మెల్లగా అన్నాను. మా ఆడబిడ్డ ఒప్పుకోలేదు.

"మా నాయన పేరుండగా కొత్త పేరెందుకు వదినా? ఆయన పేరు నిలబడొద్దా?"

మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. మా అత్త మాత్రం ఒక్క మాట అడిగింది. "పెడితే పెట్టండి. పిలిచేదెవురు?"

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. పేరు పెట్టాక తెలిసొచ్చింది. అత్త తన మొగుడి పేరు అనదు. నేను మామ పేరు అనను. మా ఆయనకు తండ్రి పేరుతో "రారా, పోరా" అనడానికి మనసొప్పలేదు, "అబ్బయ్యా" అనేవాడు. పట్టుబట్టి పెట్టించిన ఆడబిడ్డ కూడా "నాయనా" అనే పిలిచేది. తిట్టడానికీ వీల్లేకుండా పోయింది. ఒకసారి వాడు ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల మీద కుండెడు నీళ్ళు కుమ్మరిస్తే నేను చెయ్యెత్తాను. అత్త నా చెయ్యి పట్టుకుని, "ఆయన్నా కొట్టేది?" అంది. ఆమె వాణ్ణి "పెద్దాయనా" అని పిలిచేది. పల్లెలో అందరికీ అదే అలవాటయింది. మూడడుగులు లేని పిల్లకాయను పట్టుకుని ముసలివాళ్ళు కూడా "ఏం పెద్దాయనా, అన్నం తిన్నావా?" అని అడిగేవాళ్ళు.

అయిదేళ్ళు నిండాక బడిలో వెయ్యాల్సి వచ్చింది. మా ఆయన వేటకు పోయి ఉన్నాడు. నేనూ అత్తా వాణ్ణి తీసుకుపోయాం. అయ్యవారు బుచ్చిరెడ్డిపాలెం వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు, నిదానస్తుడు.

"పిల్లవాడి పేరేందమ్మా?" అని అడిగాడు.

అత్తా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అయ్యవారు కాసేపు చూసి వాణ్ణే అడిగాడు.

"పెద్దాయన" అన్నాడు వాడు.

బడంతా నవ్వింది. అయ్యవారు మాత్రం నవ్వు ఆపుకున్నాడు. అత్త ముందుకు వచ్చి, "అది ముద్దుపేరయ్యా. అసలు పేరు మా ఇంటాయనది. నేను చెప్పకూడదు. ఏడుకొండలసామి పేరు" అంది.

"వెంకయ్యా?"

అత్త తల అడ్డంగా ఊపింది.

"వెంకటేశ్వర్లా? తిరుమలయ్యా?"

ఏదీ కాదు. అయ్యవారు కలం పక్కన పెట్టాడు. "ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోవద్దు. ఇవన్నీ పాతకాలం పేర్లు. రేపు హైస్కూలుకు పోతే తోటి పిల్లలు ఎగతాళి చేస్తారు. ఈ కాలం పేరొకటి రాసుకుందాం. తల్లివి నువ్వే గదా, నీకు ఇష్టమైన పేరు చెప్పు."

అన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని ఆ రెండక్షరాలు నాలుక చివరికి వచ్చాయి. అత్త నా వైపు తిరిగింది.

"నీ మనసులో ఒక పేరుండాది గదమ్మే. నాకు తెలుసు. రాయించుకో. మోసి కన్నది నువ్వు."

ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఆ ఇంట్లో నన్ను అడిగినవాళ్ళే లేరని లోలోపల అనుకుంటూ వచ్చాను. నా కోరిక ఆమె కనిపెట్టి, అన్నేళ్ళు మనసులో పెట్టుకుందని నాకేం తెలుసు? కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వద్దత్తా. మామ పేరే ఉండనీ" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే."

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. గోడ వైపు తిరిగి, లెంపలు వేసుకుని, ఆ పేరు చెప్పింది. అయ్యవారికి వినబడలేదు. "ఇంకొకసారి చెప్పమ్మా" అన్నాడు. ఈసారి ఇటు తిరిగి స్పష్టంగా చెప్పింది. కాపురం చేసినన్నాళ్ళూ, ఆయన పోయిన తర్వాతా ఒక్కసారి కూడా నోట రాని పేరు.

తిరిగి వచ్చేటప్పుడు ఇసుకదారిలో అత్త, "పాపం తగుల్తదేమోమే" అంది.

"ఎందుకు తగుల్తది? నువ్వు చెప్పింది నీ మనవడి పేరు గదా" అన్నాను.

ఆమె నిలబడిపోయి ఆలోచించింది. "అవును. మనవడి పేరే" అని నవ్వింది.

ఆ తర్వాత ఆమెకు నోరు పెగిలింది. చేపలు ఎండబోసేటప్పుడు, బియ్యం ఏరేటప్పుడు, మామగారి సంగతులు ఒక్కొక్కటే చెప్పేది. అంతకుముందు ఆయన ఊసే ఎత్తేది కాదు. ఎంత గాలికైనా సముద్రం మీదికి పోయే మనిషి, ఇంట్లో ఉన్నప్పుడు ఉరిమితే చెవులు మూసుకునేవాడట. తల్లికి కనబడకుండా తువ్వాల్లో తాటిముంజలు చుట్టి తెచ్చి ఈమెకు ఇచ్చేవాడట. తొలిచూలు ఆడపిల్ల పురిట్లోనే పోతే, ఈమె మంచం దిగేదాకా వేట మాని తానే గంజి కాచి తాపాడట. ఇరుగుపొరుగు నవ్వినా లెక్క చెయ్యలేదట.

పాత పేర్లు మోటుగా ఉంటాయని ఇప్పటి పిల్లలు అంటారు. ఉండొచ్చు, నేను వాదించను. ఆ పాత పేరు నోట పలికాకే, నేను చూడని ఆ మనిషిని మా అత్త ఇలా నా కళ్ళకు కట్టినట్టు చూపింది. అది ఆమె నాకు పెట్టిన భాగ్యం.