పుట్నాల డబ్బా ప్లేటు

చింతామణి బజారువీధిలో బొరుగుల అంగడి పెట్టుకున్న శంకరనారాయణ శెట్టి ఒక పాపం చేసినాడు. చెబితే నవ్వుతారు. ఆయప్ప మాత్రం దాన్ని అయిదేండ్లు గుండెల మీద పెట్టుకుని మోసినాడు.

డెబ్బై ఒకటో సంవత్సరం మాట. పొట్లాలు కట్టడానికి పాత కాగితాలు కావాలని శెట్టి బెంగుళూరికి పోయినాడు. అక్కడ దండు పేటలో ఒక తెల్లదొరల కుటుంబం ఇల్లు ఖాళీ చేసి ఓడెక్కుతాంటే, ఇంట్లోని పాత పుస్తకాలూ పేపర్లూ తూకానికి ఇచ్చేసినారు. ఆ మూటలో ముప్పై రెండు మందపాటి అట్ట సంచులు, ఒక్కో సంచిలో ఒక నల్లటి గుండ్రటి ప్లేటు. శెట్టి కన్ను అట్టల మీద పడింది. అంత గట్టి అట్ట చింతామణిలో యాడ దొరుకుతుంది? వాటిని కత్తిరించి పుట్నాలు తోడే చేటలు చేసుకున్నాడు. ప్లేట్లను పారేయడానికి మనసొప్పక డబ్బాలకు మూతలు వేసినాడు. నడిమధ్య బొక్క ఉంది కదా, చీమలు దూరవా? దూరకుండా చింతపిక్క బిగించినాడు. ఇంతకంటే తెలివి ఎవరికైనా ఉంటుందా చెప్పండి.

రెండేండ్లు ఆ మూతలు బాగానే మూసినాయి. ఆ తరువాత ఒకనాడు సూర్యప్రకాశ్ అనే మనిషి అంగడికి వచ్చినాడు. చిక్కబళ్ళాపురం టెలిఫోన్ ఆఫీసులో పని, అత్తవారి ఊరు చింతామణి. సేరు పుట్నాలు అడిగినాడు. శెట్టి మూత తీసినాడో లేదో, సూర్యప్రకాశ్ దాన్ని చేతిలోనుంచి లాక్కుని, చొక్కా అంచుతో తుడిచి, మధ్యలోని కాగితం చదివి, అక్కడే గోనెసంచి మీద కూలబడినాడు.

"అప్పా, ఇది జాజు. అమెరికా సంగీతం. దీనికోసం నేను బెంగుళూరు ఫుట్‌పాతులన్నీ తిరగతాండా. నువ్వు పుట్నాలకు మూత పెట్టినావే," అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండునని శెట్టికి అప్పుడే అనిపించింది.

మరుసటి వారం సూర్యప్రకాశ్ తన గ్రామఫోన్ ప్లేయరును ఒళ్ళో పెట్టుకుని, శిడ్లఘట్ట మీదుగా బస్సులో వచ్చినాడు. చింతపిక్కలు పీకి, ప్లేట్లను కడిగి, నీడలో ఆరబెట్టి, ఒకదాన్ని తిప్పి ముల్లు పెట్టినాడు. శెట్టి జన్మలో అట్లాంటిది విన్నది లేదు. మొదట డోలు వచ్చింది. కానీ కర్రతో కొట్టేది కాదు, చీపురుతో రాసినట్టు ఉంది. శెట్టి చెవి నిక్కింది. అది కాగిన ఇసుకలో బొరుగులు వేగే చప్పుడు! ముప్పై ఏండ్లుగా తన బాణలిలో వింటాండే చప్పుడు, యాడో సముద్రాల అవతల ఒకాయన తాళంగా వాయిస్తాండాడు. శెట్టికి ఒళ్ళు గగుర్పొడిచింది.

అట్లా ఇద్దరికీ జత కుదిరింది. అమావాస్యకు మండీ మూస్తారు, అంగళ్ళు మూస్తారు. ప్రతి అమావాస్యా మధ్యాన్నం సూర్యప్రకాశ్ తన దగ్గరున్న నలభై ప్లేట్లలో నాలుగు తువ్వాలులో చుట్టుకుని వచ్చేవాడు. శెట్టి కూడా మైకుసెట్టు వాళ్ళ దగ్గర ఒక పాత ప్లేయరు కొనుక్కున్నాడు. వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. ప్లేటు తిరిగేటప్పుడు నోరు విప్పకూడదు. ఒక పక్క అయిపోయినాక ఇద్దరూ తలా ఒక మాట చెప్పాల, చెప్పకుండా తప్పించుకోకూడదు. సూర్యప్రకాశ్ ఇంగ్లీషు పత్రికలు చదివి సాక్సాఫోన్ అనీ పియానో అనీ పేర్లు చెప్పేవాడు. శెట్టికి పేర్లతో పనిలేదు. లావు తీగెల వాద్యం వింటే, భుజాన సంచి వేసుకుని ఎండలో నడిచే పెద్దమనిషి కనిపిస్తాడనేవాడు. ఆయనకు తొందర లేదు, కానీ ఊరు చేరకుండా ఆగడు అనేవాడు. సూర్యప్రకాశ్ అది విని తన పత్రికను మడిచి పక్కన పెట్టేవాడు.

అట్ట సంచులు చేటలైపోయినాయి కాబట్టి ప్లేట్లకు డబ్బాల పేర్లే మిగిలినాయి. గసగసాల ప్లేటు, ఎండుకొబ్బరి ప్లేటు, పుట్నాల ప్లేటు. వీటన్నింటిలో గొప్పది పుట్నాల ప్లేటు. పాపమంతా కూడా దాంట్లోనే ఉంది.

ఆ ప్లేటులో రెండో పాటలో సాక్సాఫోన్ మెట్టుమెట్టుగా పైకి పోతుంది. ఇంక పోలేదనుకుంటే ఇంకా పోతుంది. వినేవాళ్ళకు ఊపిరాడదు. సరిగ్గా ఆ కొసన పుటుక్కున తెగుతుంది, ఒక గరగర. మొదటిసారి విన్నప్పుడే సూర్యప్రకాశ్ ముల్లు ఎత్తేసినాడు. ప్లేటును వెలుతురుకు పెట్టి చూస్తే ఆ చోట గోటి గీటంత గీత. డబ్బా అంచు గీసుకున్న గీత. ఇంకొకసారి ముల్లు దాంట్లో పడితే ప్లేటే పోతుందని ఇద్దరూ అనుకున్నారు. అప్పటినుంచీ ఆ చోటు వచ్చేసరికి ఎవరు దగ్గరుంటే వాళ్ళు చెయ్యి చాపి, ముల్లు ఎత్తి, గీటు దాటించి పెట్టేది. సూర్యప్రకాశ్ ఒక్క మాట అనేవాడు కాదు. ఆ అనకపోవడమే శెట్టిని కోసేది. అంత పెద్ద విద్వాంసుడి గొంతును పుట్నాల డబ్బాకేసి కోసినానే అని ఆయప్ప బాధ.

డెబ్బై ఎనిమిదిలో కార్తీక అమావాస్యనాడు కెంచార్లహళ్ళినుంచి మునివెంకటప్ప వచ్చినాడు. నాగసరం మునివెంకటప్ప అంటే ఒకప్పుడు మూడు తాలూకాల్లో తెలియనివాళ్ళు లేరు. శెట్టి పెండ్లికి వాయించింది కూడా ఆయనే. రెండేండ్ల కింద బాగేపల్లిలో ఒక పెండ్లిలో, సరిగ్గా పుస్తె కట్టే వేళ ఆయనకు ఊపిరి తెగింది. గట్టిమేళం ఆగిపోయింది. అపశకునమన్నారు. ఆ పెండ్లికొడుకు ఆరు నెలలకు సైకిలు మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, దానికీ మునివెంకటప్ప ఊపిరే కారణమైంది. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమనే జనం కదా! ఆ తరువాత ఒక్కరు కూడా మేళానికని ఆయన చేతికి తాంబూలం ఇవ్వలేదు. నాగసరం గోడకెక్కింది.

అమావాస్య అని మరిచి బొరుగులకని వచ్చిన మనిషి, అంగడి మూసి ఉంటే ఇంటి పక్కకు వచ్చినాడు. శెట్టి భార్య గిరిజమ్మ చెంబుతో నీళ్ళిచ్చి అరుగు మీద కూర్చోమంది. లోపల పుట్నాల ప్లేటు తిరుగుతాంది. ఆ చోటు వచ్చింది. శెట్టి అలవాటు చొప్పున చెయ్యి చాపి ముల్లు ఎత్తినాడు.

కిటికీలోనుంచి ఒక గొంతు వచ్చింది. "ఎందుకప్పా ఎత్తినావు?"

శెట్టి ఆయన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, తన పాపమంతా చెప్పుకున్నాడు. మునివెంకటప్ప విని, అయినా సరే ఒకసారి పెట్టమన్నాడు. సూర్యప్రకాశ్ వద్దన్నాడు, ప్లేటు పోతుందన్నాడు. శెట్టి మాత్రం పోతే నాదే కదా పోయేది అని ముల్లు వెనక్కి జరిపి పెట్టినాడు.

మునివెంకటప్ప కళ్ళు మూసుకున్నాడు. సాక్సాఫోన్ పైకి పోతాంటే ఆయన వేళ్ళు మోకాలి మీద లేని బొక్కలు మూస్తానే ఉన్నాయి. తెగింది. గరగరమంది. ఈసారి ఎవరూ ఎత్తలేదు. ముల్లు ఆగలేదు, ఎగరలేదు. ఆ గరగర తరువాత, తెగిన చోటికి ఒక మెట్టు కిందనుంచి, ఆ వాద్యం మెల్లగా మళ్ళీ లేచింది.

"గీటు కాదప్పా అది. ఊపిరి," అన్నాడు మునివెంకటప్ప. "గీటైతే డోలు కూడా తెగాల కదా. డోలు వింటివా? అది నడస్తానే ఉండాది."

మళ్ళీ పెట్టినారు. నిజమే. గీటు పైపైదే, పాటకు తగల్లేదు. బొరుగులు వేగుతానే ఉన్నాయి. సంచి వేసుకున్న పెద్దమనిషి నడుస్తానే ఉన్నాడు. మధ్యలో ఒక మనిషి, తన శక్తికి మించిన చోటికి పోయి, ఊపిరి చాలక ఆగి, అందరూ వినేటట్టు గాలి లోపలికి పీల్చుకుంటాండాడు. అయిదేండ్లుగా వాళ్ళు దాటేసింది దాన్నే. సూర్యప్రకాశ్ లేచి నిలబడి, ఎందుకు లేచినాడో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. శెట్టికి కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. పాపం పోయినందుకు కాదు, దాన్ని అసలు తను చేయనేలేదని కాదు. ఒక మనిషి ఊపిరి అంత దూరంనుంచి తన ఇంట్లోకి వచ్చిందే అని.

"తెగిందని ఆ వాయించినాయన దాచుకోలేదు," అన్నాడు మునివెంకటప్ప. "నాకు తెగితే మాత్రం సిగ్గుతో చచ్చి నాగసరం దించేస్తి."

శెట్టి లోపలికి పోయి, ఆకూ వక్కా తెచ్చి ఆయన చేతిలో పెట్టినాడు. మాఘమాసంలో కూతురు సుజాత పెండ్లి. మేళం నీదే అన్నాడు.

ఇంట్లో ఆ రోజు పొయ్యి సరిగ్గా మండలేదు. గిరిజమ్మ ఒకటే అడిగింది. "మీకు ప్లేటులో ఊపిరి ముద్దు. నాకు నా బిడ్డ పుస్తె ముద్దు. మళ్ళీ తెగితే ఏం చేస్తారు?"

ఇచ్చిన తాంబూలం వెనక్కి తీసుకునేది లేదని శెట్టి పైకి గట్టిగానే అన్నాడు. కానీ వియ్యంకులు బాగేపల్లి పక్కవాళ్ళే. ఆ తెగిన మేళం సంగతి వాళ్ళకు తెలుసునని ఆయప్పకు తెలుసు.

ముహూర్తం పొద్దున పది గంటలకు. పెండ్లి ఛత్రం నిండా జనం. మైకు నాగసరం ముందరే పెట్టినారు. పురోహితుడు చెయ్యెత్తినాడు, డోలు ఉరిమింది, నాగసరం లేచింది. మొదటి ముడి పడింది. నాగసరం పైకి పోతానే ఉంది. ముసలాయన అక్కడితో ఆగి ఉండొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ఆగలేదు. రెండో ముడి పడింది. ఇంకా పైకి పోయినాడు. అక్కడ తెగింది.

వియ్యంకుల వైపు తలలన్నీ తిరిగినాయి. గిరిజమ్మ కళ్ళు మూసుకుంది. మునివెంకటప్పకు డోలు వాయించే బామ్మర్ది చేతులు తడబడినాయి. మునివెంకటప్ప కళ్ళు తెరవకుండానే కాలితో నేల తట్టినాడు, నడిపించమని. డోలు నడిచింది. దాని మీద, మైకులోనుంచి బజారువీధంతా వినబడేటట్టు, ఒక ముసలి మనిషి గాలి పీల్చుకున్న చప్పుడు. తెగిన చోటికి ఒక మెట్టు కిందనుంచి నాగసరం మెల్లగా లేచింది. మూడో ముడి పడేసరికి ఇందాక అందని చోటును దాటి పైకి పోయింది.

అప్పుడు చూసుకున్నాడు శెట్టి. తన కుడిచెయ్యి ఎప్పుడో గాలిలోకి లేచి ఉంది, ముల్లు ఎత్తడానికి పోయినట్టు. ఎదురుగా సూర్యప్రకాశ్ చెయ్యి కూడా అట్లే లేచి ఉంది. శెట్టి పిడికిట్లో అక్షింతలు ఉన్నాయి. ఎత్తిన చెయ్యి దించకుండానే బిడ్డ తల మీద చల్లినాడు.

ఆ తరువాత వచ్చిన అమావాస్యకు ముగ్గురూ కూర్చుని పుట్నాల ప్లేటు పెట్టినారు. ఆ చోటు దగ్గరపడేసరికి గిరిజమ్మ చేతిలో పని వదిలేసి వంటింటి గడప దాకా వచ్చి నిలబడింది. ముల్లును ఎవరూ ఎత్తలేదు.