పొజ్నాన్ గోపురం మీది మేకలు

నా చిన్నప్పుడు, మేము నల్గొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి దిగిన కొత్తలో, మా ఇంటి వెనక రెండంతస్తుల మేడ ఒకటి సగంలో ఆగిపోయి ఉండేది. దాని మెట్లకు ఒకవైపు గోడ, ఇంకోవైపు ఖాళీ. ఒకరోజు మధ్యాహ్నం మా మేకపిల్ల ఆ మెట్లెక్కింది. దాని వెంట నేనూ ఎక్కాను.

ఎక్కేటప్పుడు ఏమీ అనిపించలేదు. పైకి వెళ్లాక కిందికి చూశాను. ఇనుప చువ్వలు నా వైపే లేచి ఉన్నాయి. కాళ్లు బిగుసుకుపోయాయి. పైమెట్టు మీద కూలబడి, గోడకు చెంప ఆనించి కళ్లు మూసుకున్నాను. మేకపిల్ల నన్ను రాసుకుంటూ దిగిపోయింది. కింద నుంచి అమ్మ "కదలకే, పడతవ్!" అని ఒకటే కేకలు. ఇరుగుపొరుగు కూడా చేరి తలో మాటా అరుస్తుంటే నాకు ఊపిరి అందలేదు.

పోలండ్‌లో ఇంజనీరింగ్ చదివి అప్పుడే తిరిగొచ్చిన మా చిన్నాన్న, అందరినీ ఊరుకోమని పైకి వచ్చాడు. చెయ్యి వేయబోతే కెవ్వుమన్నాను. దాంతో ఆయన నాకు రెండు మెట్ల కింద, ఖాళీ వైపున కూర్చున్నాడు.

"నేను సదివిన పొజ్నాన్ల టౌన్ హాల్ గోపురం మీదికి గూడ మేకలెక్కినయ్ బిడ్డా," అన్నాడు.

"ఎందుకు?" అన్నాను కళ్లు తెరవకుండానే.

"చెప్త. జర ఒక్క మెట్టు జరుగు."

కూర్చునే జరిగాను. వంటవాడు కోయడానికి తెస్తే తప్పించుకుని ఎక్కాయట. అక్కడ కొమ్ములతో కుమ్ముకుంటుంటే జనం నవ్వారట, పెద్దలు వాటిని ప్రాణాలతో వదిలేశారట. అప్పటినుంచి మిట్టమధ్యాహ్నం గడియారం పైన రెండు రేకు మేకలు బయటికొచ్చి కుమ్ముకుంటాయట. ఆ టౌన్ హాల్ ఎట్లుంటదని నేనడిగితే ఇంకో మెట్టు జరగమన్నాడు. పాత కట్టడం అగ్గిలో కాలిపోతే, ఇటలీ నుంచి ఒకాయన వచ్చి ముందువైపు మూడంతస్తుల కమాన్లతో కట్టాడట. యుద్ధంలో గోపురం కూలితే మళ్లీ లేపారట.

"మరి మేకలు?"

"అవి గూడ పోయినయ్. కొత్తయి చేసి పెట్టిన్రు. జరుగు."

అట్లా మెట్టు మెట్టూ జరుగుతుంటే కాలికి మట్టి తగిలింది. అమ్మ నన్ను లాక్కుని ఒళ్లంతా తడిమింది. చిన్నాన్న మాత్రం చివరి మెట్టు మీదే ఉండిపోయాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. నీళ్లిస్తే గ్లాసు వణికి సగం ఒలికిపోయాయి.

"ఎత్తంటే నాకు శానా భయం వదినా," అన్నాడు మెల్లగా.

మొన్న ఎల్బీనగర్ దవాఖానలో మా ఆయనకు ఆపరేషనన్నారు. నా చేతులు ఒకటే వణుకు. అది తగ్గేదాకా నేను ఎదురుచూడలేదు. ఆ చేతులతోనే ఆయన చెయ్యి పట్టుకుని, లోపలికి తీసుకెళ్లేదాకా పక్కన కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాను.