ఎండ రాని గదికి ఎండ

పనిలోకి వెళ్లే ముందు రోజూ పొద్దున దీపాలాయన ఆఫీసు మెట్ల దగ్గర ఆగి, అరచెయ్యి ఎండకు పట్టి కాసేపు చూసుకునేవాడు. ఆయన వస్తుంటే కాపలా ముసలాయన అడక్కుండానే కుర్చీ పక్కకి జరుపుకొని, ఎండ పడేంత చోటు వదిలేవాడు. మాట లేని ఆ మర్యాద ఏళ్ల తరబడి నడిచింది.

ఆ పైన సాయంత్రం దాకా కిటికీ లేని గదే. ఇళ్లు కట్టి అమ్మేవాళ్ల కోసం కంప్యూటర్లో గదుల బొమ్మలు తయారవుతాయి. వాటిలో వెలుగు నింపడం ఆయన పని, అందుకే ఆ పేరు. కొత్తగా చేరినవాళ్లంతా ఒకే తప్పు చేసేవారు. యజమాని "కాస్త వేడెక్కించండి" అనగానే వెలుగు రంగుని కొలిచే అంకె పెంచేసేవారు. గది కాస్తా శవాల గదిలా నీలమైపోయేది. ఈ విద్యలో అంకె పెరిగితే వెలుగు చల్లబడుతుంది, తగ్గితే పసుపెక్కుతుంది. "మన దగ్గర జ్వరం కూడా తలకిందులే" అని నవ్వించి, ఆయనే సరిచేసేవాడు. ఆరున్నర వేల దగ్గరున్నది మూడు వేలకు దించితే చాలు, చూసేవాళ్ల మొహాలు విప్పారేవి. లేని ఎండ చూపించి దేవుడి సొమ్ము దొంగిలిస్తున్నానేమోనని ఆయనకి మాత్రం లోపల ముల్లు గుచ్చుకునేది.

ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. బట్టలు కుట్టి తమ్ముణ్ణి చదివించిన అక్క.

"ఒరేయ్, ఇటు చూడు" అని ఫోను ముక్కు దగ్గర పెట్టింది. "ఇదే నా కుట్టు గది. చూస్తుంటేనే ప్రాణం లేచొస్తోందిరా. ఎల్లుండే ఇల్లు కొనే కాగితాల మీద సంతకం."

అది ఆయన చేసిన బొమ్మే. నిజం గది కిటికీకి, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో పక్క మేడ గోడ ఉంది. అలాంటివి బయటపెట్టనని పనిలో చేరిన రోజే రాసిచ్చాడు. చెబితే కూడు పోతుంది. చెప్పకపోతే, అసలే మసకబారుతున్న కళ్లతో అక్క బతుకంతా ఆ చీకట్లోనే.

"వెళ్లి చూశావా?"

"చూడకుండా కొంటానా? నిన్న సాయంత్రం వెళ్లాను. ఎన్ని దీపాలు వేశారనుకున్నావు, గదంతా బంగారమే! ఏంట్రా ఆ మొహం, ఆముదం తాగినట్టు?"

అద్దం తలుపు అవతలే యజమాని. దీపాలాయన అటోసారి చూశాడు. అక్క లేవబోతుంటే సంచి పట్టుకుని ఆపాడు.

"అక్కా, నాకో సాయం చెయ్యి."

"చెప్పరా."

"రేపు పొద్దున పదింటికి మళ్లీ ఆ గదికి వెళ్లు. దీపాలన్నీ ఆర్పెయ్యమను. కిటికీ పక్కన నిలబడి సూదిలో దారం ఎక్కించు. ఎందుకని మాత్రం నన్నడక్కు."