గుడికి పోతే తాగిందన్నారు

ఈ ఉదయం కాఫీ తాగుతుండగా ఒక మెయిల్ వచ్చింది. నేను సొంతంగా రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని కోడ్‌తో సహా నెట్‌లో పెట్టిన చాట్ సాఫ్ట్‌వేర్‌ను ఇక మూసేయమని చాలా మర్యాదగా అడిగారు. కంప్యూటర్ ముందు కూర్చుని చాట్ చేసేవాళ్ళు ఇప్పుడెవరున్నారట, పైగా నాది తప్పుడు తెలుగును ప్రోత్సహిస్తోందట. ఒళ్ళు మండింది. ఆ తప్పుడు తెలుగు మా పెద్దమ్మది.

పెద్దమ్మ ముదలియార్‌పేటలో మాతోనే ఉంటుంది. మావాళ్ళు పుదుచ్చేరికి ఎప్పుడొచ్చారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, బడిలో నేర్చింది తమిళ అక్షరాలు. తెలుగు లిపి పెద్దమ్మకు ఉత్త జిలేబీ చుట్టలు; నేనైనా పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నదాన్నే. ఆమెకు చెవులు పూర్తిగా పోయాక ఫోన్ పనికిరాకుండా పోయింది. కిరుమాంబాక్కంలో ఎరువుల కొట్టు నడిపే చెల్లెలితో, అంటే మా చిన్నమ్మతో, రోజూ మాట్లాడనిదే ఆమెకు ముద్ద దిగదు. సెల్‌ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయని విసుక్కుంటే, హాల్లో ఉన్న పాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. బిల్లుల కోసం చిన్నమ్మ కొట్లోనూ ఒకటుంది. పెద్దమ్మ మిల్లు ఆఫీసులో తమిళ టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో మాట్లాడే తెలుగునే తమిళ అక్షరాల్లో టకటకా కొట్టేసేది.

మొదట్లో అందరూ వాడే ఏదో చాట్ పెట్టాను. ఒక శుక్రవారం పెద్దమ్మ “గుడికి పోయొచ్చినా” అని కొట్టింది. తమిళంలో ‘గ’కు వేరే అక్షరం లేదు, ‘క’తోనే సర్దుకోవాలి. అలా గుడి కాస్తా కుడి అయింది. తమిళంలో ‘కుడి’ అంటే తాగు అని. పాపం ముసలావిడ తమిళం తప్పు రాస్తోందనుకుని ఆ సాఫ్ట్‌వేర్ దయతలచి దిద్దింది. తాగడానికి పోయొచ్చినట్టు చిన్నమ్మకు చేరింది. ఆవిడ కొట్టుకు తాళం వేసి, బస్సెక్కి వచ్చి, చెప్పులైనా విప్పకుండా అక్క నోటి దగ్గర వాసన చూసింది. “ఛీ, ఈ వయసులో ఇదేంది అక్కా నీకు?” అని అరిచింది. ఒక్క ముక్కా వినపడని పెద్దమ్మ విభూతి పొట్లం ఆవిడ చేతిలో పెట్టి, “నీకోసరమే తెచ్చినా, పూసుకో” అంది.

మేం నవ్వి నవ్వి సోలిపోయాం గానీ, ఆ వారమే నేను కోడ్ రాయడం మొదలుపెట్టాను. కొట్టింది కొట్టినట్టు పంపాలి, దిద్దకూడదు. అదొక్కటే దాని నియమం. మాలాంటి ఇళ్ళవాళ్ళు కొందరు వాడసాగారు, సాయం చేస్తామని ప్రోగ్రామర్లూ చేరారు. వాళ్ళలో ఒక పెద్దమనిషి, నిజంగా పనిమంతుడే, తమిళ అక్షరాల్లో కొట్టినదంతా దానంతటదే తెలుగు లిపిలోకి మారాలన్నాడు. లేకపోతే అది తెలుగే కాదన్నాడు. మారిస్తే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి మాట ఒకరు చదవలేరు, ఉన్న ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది. ఒప్పుకోకపోతే అందరం వెళ్ళిపోతామన్నాడు. ఆ సంగతి కంప్యూటర్‌లో కొట్టి పెద్దమ్మకు చూపించాను. కళ్ళద్దాలు సర్దుకుని చదివింది.

“ఎవురమ్మే వాడు? మా అమ్మ నేర్పిన మాటకి వాడి పర్మిషన్ కావాల్నా? పోతే పోనీ, నువ్వు సుమ్మా ఉండు, ఊరకే ఉండు” అంది.

పోయారు. కోడ్ అందరిదీ కనుక దాని నకలు పట్టుకుపోయి వేరు కాపురం పెట్టారు. నాకు ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. అప్పట్నుంచి బగ్గులన్నీ నా ఒక్కదాని నెత్తినే పడ్డాయి. అయినా ఆ నియమం మాత్రం మార్చలేదు.

ఈ ఉదయం మెయిల్ పంపింది వాళ్ళే. నా దగ్గర మిగిలిన నలుగురినీ వాళ్ళలో కలుపుకుంటారట. జవాబు తమిళ అక్షరాల్లోనే, మా ఇంటి తెలుగులో కొట్టి పంపాను: “మూసేది లేదు. మేం యాడికీ రాము.” చదవలేకపోతే ఎవరినైనా అడిగి తెలుసుకోనీ. దేనికైనా కాలం చెల్లిందో లేదో దాన్ని వాడేవాళ్ళు చెప్పాలి. మా పెద్దమ్మకూ చిన్నమ్మకూ మాటలింకా అయిపోలేదు.