పడక కింద ఫ్రిజ్

మా మామయ్యకు ఇస్తానన్న కొత్త లారీని యజమాని తన బావమరిదికి ఇచ్చేశాడు. మాట ఇచ్చింది డ్రైవర్లందరి ముందూ. తప్పింది మాత్రం చడీచప్పుడు లేకుండా. ఆ రోజు పొద్దున మామయ్య ఉతికిన చొక్కా వేసుకుని యార్డుకు వెళ్లేసరికి, ఆ లారీ సీటులో ఒక కుర్రాడు కూర్చుని అద్దాలు సర్దుకుంటున్నాడు. లైసెన్సు మీద ఇంకా తడి ఆరలేదు వాడికి. యార్డులో వాడికి బామ్మర్ది అన్న పేరే స్థిరపడింది. యజమానికి బామ్మర్ది అయినవాడు మనందరికీ అవ్వడా అని వాళ్ల లెక్క.

ఆ యార్డు గేటు దగ్గరే నా ఉద్యోగం. పెద్దవాళ్ల మాటలు ఎలా పుడతాయో, ఎలా చస్తాయో అక్కడ రోజూ చూస్తాను. నాకు ఒళ్లు మండింది. మామయ్యకు మండలేదు. ఆయన దిగులు లారీ గురించి కాదు, లారీలో ఉన్న ఫ్రిజ్ గురించి.

డ్రైవరు వెనక పడుకునే బల్ల కింద, సొరుగులా బయటికి లాగే చిన్న ఫ్రిజ్ అది. మామయ్యకు షుగరు. పూటపూటా ఇన్సులిన్ పొడుచుకోవాలి. పోయిన ఎండాకాలం లారీ వేడికి మందు సీసాలోనే పాడైపోయింది. ఆ సంగతి తెలియక అదే పొడుచుకుంటూ పోతే, దారిలో కళ్లు బైర్లు కమ్మాయి. ఎలాగో బండి పక్కకు తీసి ఆపాడు. అప్పటినుంచి సూపర్‌వైజరు ఒకటే పాట. "నీకిక దూరం రూట్లు వద్దు. యార్డులో బండ్లు ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ ఉండు."

"గానుగెద్దునా నేను?" అన్నాడు మామయ్య. తెల్లారుతుండగా ఖాళీ రోడ్డు మీద గేరు మార్చడంలో ఉన్న సుఖం ఆయనకు ఇంకెక్కడా దొరకదు. అత్తయ్య కూడా ఆ మాట ఒప్పుకుంటుంది, కాకపోతే తిట్టి ఒప్పుకుంటుంది.

చివరికి సూపర్‌వైజరు దిగొచ్చాడు. "ఒక్క ట్రిప్పు చూస్తా. మందు చల్లగా ఎలా ఉంచుకుంటావో నీ తిప్పలు నువ్వు పడు. మధ్యలో బండి ఆగిందని నాకు ఫోన్ వచ్చిందో, తిరిగొచ్చాక తాళాలు నా చేతిలో పెట్టాలి."

మామయ్య తన పాత లారీకని ఒక చిన్న ఫ్రిజ్ కొనుక్కొచ్చాడు. కార్లలో పెట్టుకునే రకం.

"ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి తాడు కట్టి నెట్టుకొస్తున్నా. దొరగారి బండికి కొత్త ఫ్రిజ్జా?" అంది అత్తయ్య.

"దాని తలుపుకి తాడు కట్టగలిగావు. నన్ను కట్టగలిగావా?"

"కట్టాలనే చూశా. మెడ దొరకలేదు."

అలా అన్న మనిషే మర్నాడు యార్డుకు వచ్చి, కొలతలకు టేపు రెండో కొస పట్టుకుంది. పడక కింద పనిముట్ల పెట్టె ఊడదీశారు. వడ్రంగి ప్లైవుడ్డుతో గూడు కట్టాడు. ఫ్రిజ్ మోటారుకు గాలి ఆడాలని వెనక నాలుగు వేళ్ల సందు వదిలాడు, కుదుపులకు కదలకుండా చుట్టూ రబ్బరు అతికించాడు. సొరుగు మెత్తగా లోపలికి వెళ్లి టక్కుమని పడితే, మామయ్య దాన్ని ఊరికే తెరిచి మూసి, తెరిచి మూసి చూసుకున్నాడు.

"పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంతసేపు చూళ్లేదు" అంది అత్తయ్య.

వైరింగు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, తనే చేసుకున్నాడు. లారీలో రెండు బ్యాటరీలుంటాయి. రెండూ కలిస్తేనే ఇంజను కదులుతుంది. కారు ఫ్రిజ్‌కేమో ఒక్క బ్యాటరీ బలం చాలు. చాలు కదా అని ఒకదానికే తగిలించాడు.

దారి పొడుగునా ఫ్రిజ్ భేషుగ్గా పనిచేసింది. దిగుమతి దగ్గరే కథ అడ్డం తిరిగింది. గోదాము ముందు వరసలో ఇంజను ఆపి కాచుకోవాల్సి వచ్చింది. వంతు వచ్చి సరుకైతే దించారు గానీ, మర్నాడు పొద్దున తాళం తిప్పితే టిక్కుమంది తప్ప బండి లేవలేదు. ఒక బ్యాటరీ నిండుగా ఉంది, రెండోదాన్ని ఫ్రిజ్ పీల్చి పిప్పి చేసింది.

మామయ్య ఫోను తీసి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే వెనక నుంచి హారన్. కొత్త లారీ. అందులో బామ్మర్ది.

"ఏం బాబాయ్, మొరాయించిందా?"

మామయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. బామ్మర్ది నవ్వలేదు. తన లారీని పక్కకు తెచ్చి, తీగలు కలిపి, ఈ బండి స్టార్ట్ చేయించాడు.

"ఇంజను ఆపకు బాబాయ్. ముందూళ్లో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, అక్కడిదాకా పోదాం. ఆ ఫ్రిజ్ వైరు మాత్రం పీకెయ్."

"పీకేస్తే మందో?"

బామ్మర్ది ఒక్క క్షణం తల గోక్కున్నాడు. తర్వాత తన ఫ్రిజ్‌లోంచి కూల్‌డ్రింకు సీసాలన్నీ తీసి సీటు మీద పడేశాడు. "ఇలా తే."

అలా మా మామయ్య మందు, మా మామయ్యకు రావలసిన ఫ్రిజ్‌లో ప్రయాణం చేసింది. ఆ ముందూళ్లో బ్యాటరీ ఛార్జి అయ్యేసరికి సాయంత్రమైంది. మందు తన దగ్గర ఉంది కాబట్టి బామ్మర్ది కదల్లేదు, వేడెక్కిన కూల్‌డ్రింకులు తాగుతూ అక్కడే కూర్చున్నాడు. వాడి గురించి మంచిమాట రాయడం నాకు సుతరామూ ఇష్టం లేదు. కానీ జరిగింది ఇదే.

"కాడికి రెండెద్దులు కట్టి, ఒకదాన్నే రాత్రంతా తోలావన్నమాట. పొద్దున దున్నమంటే అది ఎలా లేస్తుంది పెద్దాయనా?" అన్నాడు ఎలక్ట్రీషియన్. రెండు బ్యాటరీల నుంచీ సమానంగా తీసుకునే చిన్న పెట్టె ఒకటి బిగించాడు. బ్యాటరీలు బాగా తగ్గకముందే ఫ్రిజ్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటూ చేశాడు.

రెండు లారీలూ తిరిగొచ్చినప్పుడు, నేను గేటు తీస్తుండగానే సూపర్‌వైజరు ఎదురొచ్చాడు. "ఆలస్యమైందేం?"

"నా వల్లే. నాకు దారి తెలీక బాబాయ్‌ని ఆపేశా" అని బామ్మర్ది అందుకున్నాడు.

"నువ్వుండరా" అన్నాడు మామయ్య. "వీడు అబద్ధం చెబుతున్నాడు సార్. వైరు తప్పు తగిలించింది నేను. బండి ఆగింది. ఇప్పుడు బాగుచేయించా, చూసుకోండి." అని తాళాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

సూపర్‌వైజరు లారీ ఎక్కి, సొరుగు లాగి, ఇన్సులిన్ సీసాను చేత్తో పట్టుకుని చూశాడు. చల్లగా ఉంది.

"నాకు ఫోన్ చేశావా?"

"లేదు."

"మరి ఆగిందని నాకెలా తెలుస్తుంది? వెళ్లి పడుకో. ఎల్లుండి లోడుంది."

అప్పటినుంచి ఆ పాత లారీ దూరం రూట్లలోనే ఉంది. ఫ్రిజ్‌లో మందుతో పాటు పాలు, టమాటాలు, అత్తయ్య డబ్బాలో పెట్టిచ్చే కూర ఉంటాయి. దారిలో కలిస్తే బామ్మర్ది ఆ డబ్బా వాసన పట్టి వస్తాడట.

మొన్న మామయ్య బయల్దేరుతుంటే మంచినీళ్లకని లారీ ఎక్కాను. సొరుగు లాగేసరికి పాత సంగతంతా గుర్తొచ్చింది. యజమాని మాట తప్పడం, ఈయన నోరు మెదపకపోవడం, లోకంలో నమ్మినవాడికి మిగిలేది బూడిదేనని, నీళ్ల సీసా చేతిలో పట్టుకుని చాలాసేపే మాట్లాడాను. మామయ్య అద్దం తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"తిట్టుకోరా, తప్పులేదు. కాకపోతే ఆ సొరుగు మూసి తిట్టు. చల్లదనమంతా పోతోంది" అన్నాడు.