పరీక్షించినవారి పేరు

పోయిన మంగళవారం ఉదయం మా లైబ్రరీ మేడం నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎప్పటిలాగే ఎత్తలేదు. కాసేపటికి ఆ నంబరు నుంచే వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది. "అమ్మ తెల్లారుజామున పోయిందండి. గుండె ఆగిపోయింది." మూడు నెలలుగా ఆవిడ ఫోను నేనెందుకు ఎత్తలేదో దాచి, మంచి మాటలు నాలుగు రాస్తే చాలా సులువుగా తప్పించుకోవచ్చు. అందుకని అదే చెబుతాను.

మార్టూరు దగ్గర మా కాలేజీ లైబ్రరీలో ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. నేను చదువుకునే రోజుల నుంచీ ఒకటే అలవాటు. అడిగిన పుస్తకం లేకపోతే చీటీ మీద రాసుకుని, భోజనమయ్యాక చీరాల, గుంటూరు, తుళ్లూరు లైబ్రరీలకు వరసగా ఫోన్లు చేసేవారు. పత్తి పురుగుల పుస్తకం కోసం వచ్చిన రైతుకైనా, పోటీ పరీక్షలకు చదివే అమ్మాయికైనా అంతే. "మన దగ్గర లేదంటే సరిపోద్దా? ఎక్కడుందో చెప్పాలిగా" అనేవారు.

నేను ప్రోగ్రామర్‌నయ్యాక ఆ ఫోన్ల పనే కంప్యూటర్‌కి నేర్పాలనుకున్నాను. వేర్వేరు లైబ్రరీల కంప్యూటర్లు ఒకదాన్నొకటి పుస్తకం అడిగి జవాబు చెప్పుకోవడానికి ఒక ప్రోటోకాల్ ఉంది. అక్కడ వాడే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి దాన్ని జోడించాను. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఎవరైనా మార్పులు పంపొచ్చు. కాకపోతే రాసినవాడు కాక ఇంకొకరు పరీక్షించి, తమ పేరుతో సరేనంటేనే తీసుకుంటారు.

ఎనిమిది నెలలు పరీక్షించింది మేడమే. "బాలేదు. మళ్ళీ చెయ్యి" అనడానికి ఏమాత్రం మొహమాటపడేవారు కాదు. అవతలి కంప్యూటర్ జవాబివ్వకపోతే నా ప్రోగ్రాం 'పుస్తకం లేదు' అని చూపించేది. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎత్తకపోతే లేదని కాదు బాబూ. ఎత్తలేదని రాయి. పాపం, అడిగినోళ్ళు లేదనుకుని ఎళ్ళిపోతారు."

నాకు పని నేర్పింది ఆవిడే. చివరికి పంపేటప్పుడు మాత్రం పరీక్షించినవారి పేరు దగ్గర హైదరాబాద్‌లో నా ఆఫీసు మిత్రుడి పేరు రాశాను. పెద్ద కంపెనీ పేరుంటే త్వరగా తీసుకుంటారనుకున్నాను. వాడు దాన్ని తెరిచి కూడా చూడకుండా సరేనని నొక్కేశాడు. మేడంకి మాత్రం "మీ పేరు ప్రపంచమంతా కనపడుద్ది" అని చెప్పాను.

ప్రోటోకాల్ చక్కగా పనిచేసింది. "మిషనే అడుగుతుంటే ఇంక ఈవిడెందుకు?" అన్నారు కాలేజీ కమిటీలో ఒకాయన. ఆవిడ కాంట్రాక్టు ఆపేశారు. మేడం గుంటూరులో కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళారు. అక్కణ్ణుంచే ఫోను చేశారు.

"చీరాల్లో స్కూలోళ్ళు లైబ్రరీకి మనిషి కావాలంటున్నారు బాబూ. కంప్యూటరొచ్చని రుజువు చూపించమన్నారు. నా పేరున్న కాగితం ప్రింటు తీసివ్వవా? చేతులు మండిపోతున్నాయి."

"రేపు పంపుతాను మేడం" అన్నాను. అదే ఆఖరు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. నేను పిరికివాణ్ణి.

పరామర్శకు వెళ్ళినప్పుడు వాళ్ళమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. "పోయిన వారం కూడా మీకు చేసిందండి. పనిలో ఉండుంటాడులే అంది. ఆ కాగితం ఇప్పుడన్నా ఇస్తారా? ఫోటో పక్కన పెట్టుకుంటాం."

బయటికొచ్చి మిత్రుడికి ఫోను చేశాను. "నేను టెస్ట్ చెయ్యలేదని నన్నే ఒప్పుకోమంటావా?" అని పెట్టేశాడు.

పేరు సరిచేయమని అదే రోజు మార్పు పంపాను. దానికీ అదే నియమం. ఇంకొకరు చూసి సరేననాలి. ఇన్నాళ్ళూ నేనేది పంపినా చూసిపెట్టింది ఆవిడొక్కరే. రోజూ భోజనమయ్యాక ఆ పేజీ తెరుస్తున్నాను. నా మార్పు పక్కన 'పరీక్షించేవారు కావాలి' అని ఉంటోంది. దాని కింద పేరు రాసే గడి ఖాళీగా ఉంది.